శబరి ఒడ్డున సుక్మా

విజయవాడలో బయలుదేరి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ చేరే రహదారి, చింతూరు దాటిన కొద్దిసేపటికే ఆంధ్రదేశాన్ని విడిచిపెడుతుంది. సరిహద్దును తెలిపే బోర్డు తప్ప అక్కడ మారేది ఏమీ కనిపించదు. అదే మట్టి, అవే తాటిచెట్లు, పక్కన అదే శబరి నది. మొదట కుంట అనే ఊరు వస్తుంది. అక్కడినుంచి ఉత్తరంగా సుమారు ఎనభై కిలోమీటర్లు అడవిలో సాగితే సుక్మా. మరో నూరు కిలోమీటర్లు పోతే పూర్వపు బస్తర్ సంస్థానానికి రాజధాని అయిన జగదల్‌పూర్. ఈ దారిని ఒకప్పుడు 221వ నంబరు జాతీయ రహదారి అనేవారు; ఇప్పుడది 30వ నంబరు. దాని ఒక కొస ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో ఉన్నది, రెండవ కొస విజయవాడ శివార్లలోని ఇబ్రహీంపట్నంలో.

తెలుగు దినపత్రిక చదివేవారికి సుక్మా పేరు కొత్తది కాదు. అయితే ఆ పేరు వారికి తెలిసినది ఒకే రకమైన వార్తల వల్ల. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది మరణించినప్పుడు, 2013 మే 25న సుక్మా సభ ముగించుకుని జగదల్‌పూర్‌కు తిరిగి వెళుతున్న కాంగ్రెసు నాయకుల వాహనశ్రేణిపై జీరం లోయలో దాడి జరిగినప్పుడు, 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది జవానులు నేలకొరిగినప్పుడు, ఆ పేరు మొదటి పుటలలో పెద్ద అక్షరాలతో అచ్చయింది. ఆ పుట తిప్పేసిన తరువాత ఊరు మళ్లీ అడవిలో కలిసిపోయేది. అక్కడ ఏటా ఒక జాతర జరుగుతుందనీ, సంత కూడుతుందనీ, ఆ నేల చరిత్ర ఓరుగల్లుతోను గోదావరితోను పెనవేసుకుని ఉన్నదనీ వ్రాసినవారు అరుదు.

ఆ సంబంధానికి తొలి సాక్ష్యం ఊళ్ల పేర్లలోనే దొరుకుతుంది. సుక్మా జిల్లా పటాన్ని ముందు పెట్టుకుని తెలుగు తెలిసినవారు ఎవరైనా నెమ్మదిగా పైకి చదివితే చాలు. గొల్లపల్లి, పోలంపల్లి, కిష్టారం, ఇంజారం, రామారం, మారాయిగూడ, ఎర్రబోరు. హిందీ పత్రికలు ‘తాడ్‌మెట్లా’ అని వ్రాసే ఊరు తాడిమెట్ల. తాడిచెట్టునూ మెట్టనూ పక్కపక్కన నిలబెట్టిన పేరు అది. ‘చింతల్‌నార్’లో చింత మనది, ‘నార్’ అంటే గోండిలో ఊరు. ‘చింతగుఫా’లో చింత తెలుగుది, గుహ హిందీది. ‘కేర్లాపెండా’లోని పెండా అనే మాటకు బస్తర్ భాషలలో కొండవాలు పోడు అని అర్థం. అనువాదకులు సాధారణంగా పుస్తకాలతో కుస్తీ పడతారు. ఇక్కడ ఏ పండితుడూ పూనుకోకుండానే ఒక జిల్లా అంతా మూడు భాషలలో తనను తాను అనువదించుకున్నది.

అన్నిటికన్నా విచిత్రమైనది కుంట కథ. కుంట అంటే చిన్న చెరువు అని తెలుగు పిల్లవాడికి చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు అక్షరాలలోకి, వాటినుంచి నాగరిలోకి వెళ్లి ఆ మాట ‘కోంటా’ అయింది. ఇప్పుడు రహదారి బోర్డులలోనూ, శాసనసభ నియోజకవర్గం పేరులోనూ కోంటాయే స్థిరపడింది. హైదరాబాదు, విజయవాడ పత్రికలలో కొన్ని పట్టుదలగా ‘కుంట’ అని వ్రాస్తూనే ఉన్నాయి. ఈ చిన్న మొండితనాన్ని మెచ్చుకోవలసిందే.

సుక్మా పట్టణం చిన్నది. 2012 జనవరిలో దంతెవాడ జిల్లానుంచి విడదీసి సుక్మా, ఛింద్‌గఢ్, కోంటా తహసీళ్లతో కొత్త జిల్లా ఏర్పరచినప్పుడు ఇది జిల్లా కేంద్రమైంది. అంతకు ముందు, 1998 వరకు, బస్తర్ అంతా ఒకే జిల్లా. కేరళ రాష్ట్రం కన్నా విశాలమైన జిల్లా. ఆ రోజులలో సుక్మా మనిషికి కలెక్టరు దర్శనం కావాలంటే నూరు కిలోమీటర్లు పోవలసి వచ్చేది. కుంట మనిషికి దాదాపు రెట్టింపు. ఇప్పుడు కచేరీలు, ఆసుపత్రి, పాఠశాలలు ఊరిలోకి వచ్చాయి. ఊరి పక్కనే శబరి పారుతుంది. వంతెన దాటితే ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. ఒడియావారు ఈ నదిని కొలాబ్ అంటారు. కోరాపుట్ కొండలలో పుట్టి, కొంతదూరం రెండు రాష్ట్రాలకు హద్దుగా నడిచి, కుంట సమీపంలో సీలేరును కలుపుకుని, కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది. కొలాబ్ అనే నది కిందికి వచ్చేసరికి శబరి కావడంలో రామకథ ప్రభావం స్పష్టం. భద్రాచలం ఎంతో దూరం లేదు కదా.

రామకథ ఈ దారి పొడవునా వినిపిస్తుంది. సుక్మాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని రామారం, వనవాస కాలంలో రాముడు నడిచిన చోటని స్థానికుల విశ్వాసం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రామవనగమన పర్యాటక మార్గానికి మొదటి దశలో ఎంపిక చేసిన తొమ్మిది చోట్లలో అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది ఇదే. అయితే రామారంలో జనం చేరేది రాముడి కోసమని అనుకుంటే పొరపాటు. అక్కడ కొలువై ఉన్నది చిట్‌మిటిన్ అమ్మ. హిందీ మాట్లాడే రాష్ట్రంలో, హల్బీ, గోండి మాట్లాడే భక్తుల నడుమ, దేవత పేరు చివర ‘మాత’ కాక ‘అమ్మ’ అని ఉండడం గమనింపదగినది. ఏటా ఫిబ్రవరిలో అక్కడ జాతర జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల దేవతలు పల్లకులలో, కర్రల మీద, పూజారుల భుజాల మీద తరలివచ్చి అమ్మను కలుసుకుంటారు. బస్తర్ జాతరలలో భక్తులు దేవతను చూడడానికి రావడం కన్నా, దేవతలు దేవతలను చూడడానికి రావడమే ముఖ్యం. మనుష్యులు వారి వెంట వచ్చిన బంధువులు మాత్రమే.

వినోదం మాటకు వస్తే, ఈ సీమలో అన్ని వినోదాలకూ కూడలి వారపు సంత. ఇప్పపూవు, చింతపండు, సారపప్పు, తేనె, వెదురు బుట్టలు ఒకవైపు. ఉప్పు, ఎండుచేపలు, మిరపకాయలు, ప్లాస్టిక్ చెప్పులు మరొకవైపు. ఎర్రచీమలను, వాటి గుడ్లను మిరపకాయలతో నూరిన పచ్చడిని ఆకుదొన్నెలలో అమ్ముతారు. పుల్లగా ఉంటుంది, జ్వరానికి మంచిదంటారు. జీలుగు చెట్టును అక్కడ ‘సల్ఫీ’ అంటారు. ఇంటి ముందర సల్ఫీ చెట్టు ఉన్నవాడికి ఊరిలో గౌరవం ఎక్కువ. పొద్దున దింపిన జీలుగు కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి మాట తడబడేలా చేస్తుంది. మూడు జాములు దాటాక సంత పక్కనున్న చెట్లకింద కోడిపందేలు మొదలవుతాయి. గోదావరి జిల్లాలవారికి ఈ దృశ్యం పరిచయమైనదే. కాలికి కత్తి కట్టడం దగ్గర్నుంచి ఓడిన కోడి గెలిచినవాడికి దక్కడం దాకా. ఒక్కటే తేడా, సంక్రాంతి దాకా ఆగరు.

పండుగను ఇక్కడి కోయలు, మురియాలు ‘పండుం’ అంటారు. మాట వినగానే తెలుగు చెవి పోల్చుకుంటుంది. విత్తనాలు వేసే ముందు ఒక పండుం, కొత్త పంట ముట్టే ముందు ఒక పండుం, మామిడికాయ కోసే ముందు మరొకటి. పండుం జరగనిదే ఆ కాయ తినరాదు. అడవిదున్న కొమ్ములు తలపాగాకు కట్టుకుని, పెద్ద డోళ్లు మెడలో వేసుకుని చేసే నృత్యాన్ని బస్తర్ చిహ్నంగా దేశమంతా ప్రదర్శిస్తున్నారు. భద్రాచలం, చింతూరు ప్రాంతాలలో అదే ‘కొమ్ము కోయ నృత్యం’. సరిహద్దుకు ఆవలివైపు నర్తకులకు ఒక రాష్ట్రం బహుమతి ఇస్తుంది, ఈవలివైపువారికి మరొక రాష్ట్రం ఇస్తుంది. డోలు దెబ్బ ఒకటే.

చూడదలచినవారు జగదల్‌పూర్ దారిలో దర్భా దగ్గర ఆగవచ్చు. 1982లో ఏర్పాటైన కాంగేర్ లోయ జాతీయ వనం అక్కడ ఉన్నది. తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్ గుహలు దానిలోనివే. గుహల చీకటిలో తరతరాలుగా బ్రతికిన చేపలకు చూపు లేదు. వానాకాలంలో గుహలను మూసివేస్తారు. మనిషి పలుకులను అనుకరించే కొండగోరువంక ఈ అడవి పక్షి, ఆ రాష్ట్ర పక్షి కూడా. 2025లో ఈ వనాన్ని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. ఇంకా దక్షిణంగా వస్తే తోంగ్‌పాల్. ఆ పరిసరాల వాగులలో గిరిజనులు ఇసుక జల్లించి తగరపు రాయి ఏరి అమ్ముతారు. మన దేశంలో తగరం దొరికే చోట్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. సుక్మాకు సమీపంలో తుంగల్ జలాశయం వద్ద ఇటీవల పడవ విహారం, ఫలహారశాల ఏర్పాటు చేశారు. నడుపుతున్నది మహిళా సంఘం. ఒకప్పుడు తుపాకి పట్టి అడవిలో తిరిగి, తరువాత లొంగిపోయినవారు కూడా వారిలో ఉన్నారు.

చరిత్రకు వస్తే, బస్తర్ రాజవంశం తనను కాకతీయులదిగా చెప్పుకున్నది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి దండకారణ్యంలో రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరీదేవి అతని వెంట వచ్చిందని కథ. ఆ రాజ్యం కింద భోపాలపట్నం, కుట్రు వంటి జమీందారీలతో పాటు సుక్మా ఒక జమీందారీ. రామారం జాతర మర్యాదలలో ఆ జమీందారు కుటుంబానికి స్థానం ఉన్నది. రాజుల వంశావళులు ఎప్పుడూ కొంత కవిత్వం కలిసినవే. కనుక వాటిని అక్కడే వదలి, ఏ వంశావళీ లేనివారు చేసిన ఒక పనిని చెప్పుకోవడం మంచిది.

అది 1859. హైదరాబాదునుంచి వచ్చిన కంట్రాక్టర్లు దక్షిణ బస్తర్ జమీందారీలలో సాలవృక్షాలను నరికించడానికి అనుమతి పొందారు. కలపకు గిరాకీ పెరిగిన కాలమది. దేశంలో రైలుమార్గాలు పడుతున్నవి. సాలచెట్టు ఇక్కడివారికి కేవలం కలప కాదు. దాని గుగ్గిలం ధూపమవుతుంది, ఆకు విస్తరి అవుతుంది, గింజ కరువులో కడుపు నింపుతుంది, నీడలో దేవుడుంటాడు. ఫోత్కేల్, భేజీ, కోత్తపల్లి, భోపాలపట్నం ప్రాంతాల దోర్లా పెద్దలు సమావేశమై ఇక ఒక్క చెట్టును కూడా నరకనీయరాదని తీర్మానించారు. చెట్టుకొక తల అన్నది వారి శపథం. కంట్రాక్టర్ల మనుషులు ఆ మాటను ఉత్త బెదిరింపు అనుకున్నారు. కలప కుప్పలకు నిప్పు పెట్టారు, నరికేవారిని నరికారు. చివరకు గ్లాస్‌ఫర్డ్ అనే ఆంగ్ల అధికారి ఆ కంట్రాక్టు పద్ధతినే ఆపవలసి వచ్చింది. భేజీ నేడు సుక్మా జిల్లాలోనే ఉన్నది. హిమాలయాలలో స్త్రీలు చెట్లను కౌగిలించుకున్న 1973 నాటి చిప్కో ఉద్యమం ప్రపంచమంతా తెలిసింది, తెలియవలసిందే. దానికి నూటపద్నాలుగు సంవత్సరాల ముందు, పూర్తిగా అహింసాత్మకం కాని ఈ పోరాటం జరిగినట్లు తెలుగు పాఠ్యపుస్తకాలు చదివిన విద్యార్థికి తెలిసే అవకాశం తక్కువ. కంట్రాక్టర్లు మన రాజధానినుంచి వెళ్లినవారు కావడం అందుకు కారణం కాకపోవచ్చు.

తరువాత ఇరవై ఏళ్లకు, 1879లో రంప పితూరీ లేచినప్పుడు దాని మంట శబరి వెంట పైకి పాకింది. 1880లో మల్కన్‌గిరి వైపు తమ్మన్నదొర నాయకత్వం వహించాడు. 1910లో బస్తర్‌లో భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది. నేతనార్‌కు చెందిన గుండాధూర్ దాని నాయకుడు. అల్లూరి సీతారామరాజు కథ 1922లో మొదలైంది. ఒకే నది పరీవాహకంలో డెబ్బై ఏళ్లలోపు నాలుగు తిరుగుబాట్లు. నాలుగింటికీ మూలం అడవిమీద ఎవరికి హక్కు అన్న ప్రశ్నే. వీటిని మనం మద్రాసు చరిత్రలో కొన్ని, మధ్యపరగణాల చరిత్రలో కొన్ని పంచిపెట్టి చదువుతాము.

దోర్లాలు ఎవరు అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. కోయలలో మైదాన ప్రాంతంవారే దోర్లాలు. ఎత్తు ప్రాంతంలో ఉండేవారు గుట్టకోయలు. తెలంగాణలో నేడు ‘గుత్తికోయ’ అని వినిపించే పేరు ఈ రెండవ మాట రూపాంతరమే. దోర్లాల మాట కోయభాషకు చెందినది, అంటే గోండికి చెల్లెలు, తెలుగుకు దగ్గరి బంధువు. ఇరుగుపొరుగు కారణంగా తెలుగు మాటలు దానిలో విరివిగా చేరాయి. ఛింద్‌గఢ్ వైపు వెళితే ధుర్వాలు కనిపిస్తారు. వారి పర్జీ భాష కూడా ద్రావిడ కుటుంబానిదే, కాని వేరే శాఖ. థామస్ బరో, సుధీభూషణ్ భట్టాచార్య 1953లో దానికి వ్యాకరణం, నిఘంటువు ప్రచురించారు. ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతాచార్యుడైన మనిషి బస్తర్ అడవికి వచ్చి ఒక చిన్న భాషను వ్రాసుకుని వెళ్లాడు. ఆ నిఘంటువు మంచి గ్రంథాలయాలలో దొరుకుతుంది. పర్జీ మాట్లాడే పిల్లవాడి బడి పుస్తకాలు మాత్రం అనేక దశాబ్దాలపాటు హిందీలోనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి సుక్మా జిల్లా ప్రాంతంలో అక్షరాస్యులు సుమారు మూడోవంతు మాత్రమే. వారికి చదువు రాకపోవడం నిజమే. చదువుకు వారి భాష రాకపోవడం కూడా అంతే నిజం.

2005లో సల్వాజుడుం ఆరంభమైన తరువాత జరిగినదాన్ని రెండు మాటలలో చెప్పడం కష్టం. ఒకవైపు మావోయిస్టులు, మరొకవైపు ప్రభుత్వం ఆయుధమిచ్చిన గ్రామీణులు. ఊళ్లు కాలిపోయాయి. దోర్నపాల్, ఎర్రబోరు వంటి చోట్ల రహదారి పక్కన శిబిరాలు వెలిశాయి. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీదే దాడి జరిగింది. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో సుక్మా కలెక్టరు అలెక్స్ పాల్ మేనన్‌ను మావోయిస్టులు అపహరించినప్పుడు మధ్యవర్తులుగా అడవికి వెళ్లినవారు ఇద్దరు: పూర్వం బస్తర్ కలెక్టరుగా పనిచేసిన బి.డి. శర్మ, హైదరాబాదుకు చెందిన ఆచార్య హరగోపాల్. మే 3న కలెక్టరు విడుదలయ్యాడు. ఆయన అంగరక్షకులిద్దరు అపహరణ సమయంలోనే ప్రాణాలు కోల్పోయారు. చర్చలు ఎంత ఫలించినా వారు తిరిగిరాలేదు.

ఇటీవల పరిస్థితి మారింది. పువర్తి గ్రామంలో 2024 ఫిబ్రవరిలో భద్రతాదళాల శిబిరం ఏర్పడింది. ఆ ఊరిలో పుట్టి మావోయిస్టు అగ్రనాయకుడైన మాడ్వి హిడ్మా 2025 నవంబరు 18న ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లి అడవులలో ఎదురుకాల్పులలో చనిపోయాడు. 2003లో మూతపడిన కేర్లాపెండా రామాలయం తలుపులు 2024 ఏప్రిల్‌లో తెరుచుకున్నాయి. ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత. ఆ వ్యవధిలో పుట్టిన పిల్లలకు పెళ్లీడు వచ్చింది. తమ ఊరి గుడిలో ఏ విగ్రహం ఉన్నదో వారు పెద్దల నోట వినవలసి వచ్చింది.

ఊళ్లు విడిచినవారిలో వేలాదిమంది శబరి, గోదావరి దాటి భద్రాచలం, చర్ల, ములుగు అడవులలో గుడిసెలు వేసుకున్నారు. అక్కడ వారు గుత్తికోయలు. సొంత రాష్ట్రంలో గిరిజనులైనవారికి ఇక్కడ కుల ధ్రువీకరణ పత్రం దొరకడం కష్టం, పోడు భూమికి పట్టా అంతకన్నా కష్టం. ఇక ఏటా మిరప కోతల కాలంలో ఖమ్మం, ములుగు చేలకు కూలికి వచ్చేవారు వేరు. తెలుగువారి ఆవకాయలో పడే కారానికి బస్తర్ వేళ్లు తగిలి ఉంటాయన్న సంగతి భోజనాల దగ్గర గుర్తురాదు. 2020 ఏప్రిల్‌లో దేశం స్తంభించినప్పుడు, ములుగు జిల్లా మిరప చేలనుంచి కాలినడకన బయలుదేరిన బీజాపూర్ జిల్లా బాలిక ఒకతె మూడు రోజులు నడిచి, ఇల్లు మరి కొద్ది దూరమున్నదనగా మరణించింది. ఆమెకు పన్నెండేళ్లు.

మిగిలినది నది సంగతి. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. గోదావరి నిండితే శబరి నీరు పోవడానికి దారి లేక వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు కుంట పట్టణంలోకి నీరు వచ్చింది. జాతీయ రహదారి మునిగి రాకపోకలు ఆగిపోయాయి. పోలవరం జలాశయం 150 అడుగుల పూర్తి మట్టానికి నిండితే ఆ వెనుక నీరు కుంట ప్రాంతాన్ని ఎంతవరకు ముంచుతుందన్నది ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య వివాదమై సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2014లో చింతూరు, కూనవరం తదితర మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చినది ఈ ముంపు కారణంగానే. ఆ మండలాల కోయ కుటుంబాలకు పరిహారపు జాబితాలు వ్రాశారు. వారి వియ్యంకులు, మేనమామలు ఉన్న దోర్లా ఊళ్లు సరిహద్దుకు కొద్ది మైళ్లలోనే ఉన్నా ఆ జాబితాలలోకి రావు. అది వేరే రాష్ట్రం. నీరు రాకుండా ఛత్తీస్‌గఢ్, ఒడిశా భాగాలలో శబరి, సీలేరుల వెంట రక్షణ కట్టలు పోయాలని ప్రతిపాదన ఉన్నది. దానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. అది సంవత్సరాలుగా వాయిదా పడుతూ వచ్చింది.